లలిత తీసిన స్కాన్

సూర్యాపేట స్కానింగ్ సెంటర్‌కు ఎమ్మారై కోసం వచ్చిన, తన స్కూలు ఆటల టీచర్ యాదగిరి సారును టెక్నీషియన్ లలిత చూడగానే గుర్తుపట్టింది. ఎనిమిదేళ్ల కిందట మోకాలు మెలిపడి తాను ఏడుస్తుంటే, "నాటకాలాడకు" అంటూ మళ్లీ కబడ్డీ కోర్టులోకి తోసింది ఆయనే. ఆ రోజుతో ఆమె ఆట ముగిసింది.

స్కాన్‌లో ఆయన మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి కనిపించింది.

"ఏమన్న ఉన్నదా బిడ్డా? మస్తు నొస్తుంది."

"నన్ను గుర్తుపట్టిన్రా సార్? లలితను. స్కూల్ కబడ్డీ టీం."

"ఎంతమందో ఆడిన్రు బిడ్డా. యాదికొస్తలేదు."

ఇన్నేళ్లూ తాను మోసిన కోపం ఆయనకు తెలియనే తెలియదు.

"చిరిగింది సార్. ఆ రోజు నాది గూడ గిట్లనే చిరిగింది. మీరే ఆడిపిచ్చిన్రు."

బల్ల దిగడానికి ఆయన చెయ్యి చాచాడు. లలిత పట్టుకుంది. ఆయన తల దించుకునేదాకా వదల్లేదు.