అత్తగారు ఒప్పుకున్న ఓటమి

చెయ్యి తగిలితే చాలు, నెత్తురులో కొలెస్ట్రాల్ ఎంతుందో కంచమే చెప్పేస్తుంది. విశాఖలో ఇప్పుడు ఇంటింటా అవే కంచాలు. కొత్త కోడలు ఉత్పలకు వాటితో కబుర్లాడే ముచ్చట ఇంకా తీరనే లేదు. అత్తగారు వరాలమ్మ అంకె వీధి మొత్తానికీ తక్కువ. ఆవిడకు అదో కిరీటం.

ఆ ఉదయం ఆవిడ కంచం మెల్లగా అంది: "మరీ తగ్గిపోయిందమ్మా. నిరుడు మెదడులో నరం చిట్లి పక్షవాతం వచ్చింది కదా. ఇంత తక్కువుంటే మళ్లీ నరం చిట్లే ప్రమాదం ఎక్కువ. ఈ పూట నుంచి నెయ్యి వేసుకోండి."

"నెయ్యేటి? ఎదురింటి నూకాలు ముందు ఓడిపోమంటావేటి?" వరాలమ్మ కంచం పక్కకు నెట్టేసింది.

ఉత్పల నవ్వుతూనే నెయ్యి గిన్నె అందుకుంది. "పెళ్లయి నెల కాలేదు, అప్పుడే నాకు అత్తగారు లేకుండా చేస్తారా అత్తయ్యా?"

వరాలమ్మ కంచం మళ్లీ దగ్గరకు లాక్కుంది. కందిపొడి అన్నంలో తనే నెయ్యి ఒంపుకుని, మొదటి ముద్ద ఉత్పల నోట్లో పెట్టి, రెండోది తను తింది. ఆ తర్వాత వీధంతా వినబడేలా కేకేసింది.

"ఓలే నూకాలూ! నానోడిపోయానే! నీ అంకె కూడా నాకు దగ్గర్లోనే ఉంది, బేగి వచ్చి నెయ్యన్నం తిను!"

ఇంత గొప్ప మనిషి తనకు అత్తగారని ఉత్పల మురిసిపోతుండగా, నూకాలమ్మ కంచం చంకన పెట్టుకుని గుమ్మం ఎక్కింది.