చక్కెర కలపని పాకం

"ఓ నాలుగు గుప్పెళ్ల చక్కెర వేస్తే రేపే మీ సరుకు సరిహద్దు దాటుతుంది, ఒదీల్ గారూ," అన్నాడు లాయరు ఫిర్మిన్.

రాగి బానలో బేరిపండ్ల పాకం తిప్పుతున్న ఒదీల్ తల ఎత్తలేదు. "రుచి మారిపోతుంది."

"ఆఖెన్ వాళ్లకి మీ రుచి ఏం తెలుసు?"

"తెలిసినవాళ్లకి తెలుస్తుంది."

ఆమెది బెల్జియంలో సరిహద్దు పక్క పల్లె. అరగంట వెళితే జర్మనీ, ఆఖెన్ పట్టణం. అక్కడి దుకాణానికి ఆమె పంపిన తొలి సీసాలు తిరిగొచ్చేశాయి. ఇంత తక్కువ చక్కెర ఉన్నదాన్ని పాకమని అమ్మడానికి తమ నిబంధనలు ఒప్పుకోవన్నారు అక్కడి అధికారులు. ఒదీల్ కోర్టుకెక్కింది.

"ప్యారిస్ వ్యాపారి ఉన్నదంతా కొంటానంటున్నాడు. ఆఖెన్‌ని వదిలెయ్యకూడదూ?"

"ప్యారిస్‌లో నాకేం పని?"

"మీ మొండితనానికి నా జుట్టంతా రాలిపోతోంది."

"అది నేను రాకముందే రాలింది లెండి."

దావా ఆరేళ్లు నడిచింది. దానికోసం ఒదీల్ సగం తోట అమ్మేసింది. ఏటా శరత్తులో పాకం కాచి, ఆఖెన్‌కని ఒక వరుస సీసాలు పక్కన పెట్టేది. మళ్లీ పళ్లు పండేసరికి ఆ సీసాలను ఇరుగుపొరుగుకు పంచేది. ఎంత పంతమో ఈవిడకి అని ఊరంతా నవ్వుకుంది.

చివరికి లక్సెంబర్గ్‌లో ఉన్న ఐరోపా దేశాల కూటమి కోర్టు తేల్చి చెప్పింది. ఒక సభ్యదేశంలో చట్టప్రకారం అమ్ముడయ్యే సరుకును సరైన కారణం లేకుండా మరో సభ్యదేశం ఆపకూడదు. చక్కెర ఎంతుందో సీసా మీద రాస్తే చాలు.

తొలి పెట్టెలతో ఇద్దరూ ఆఖెన్ వెళ్లారు. దుకాణందారు సీసాలు అరలో సర్ది, ఒకటి తెరిచి, రొట్టెముక్కలకు రాసి రుచికి పెట్టాడు. ఒదీల్ ఆ పళ్లెం పక్కనుంచి కదల్లేదు. ఒక ముసలాయన తిని తలూపాడు. ఆమె పట్టించుకోలేదు. ఎర్రకోటు యువతి ఒకామె ముక్క నోట్లో పెట్టుకుంటే మాత్రం ఊపిరి బిగబట్టి ముఖంలోకి చూసింది.

"బావుంది," అని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

సాయంత్రానికి సీసాలన్నీ అయిపోయాయి. ఫిర్మిన్ పొంగిపోయాడు.

"గెలిచారు! ఇక ఇంటికి పదండి."

"మీరు వెళ్లండి. దుకాణం మూసేదాకా నేనుంటాను."

"అమ్మడానికి ఒక్క సీసా లేదు. ఇంకా ఎవరికోసమండీ?"

ఒదీల్ మిగిలిన రొట్టెముక్కల పళ్లేన్ని గుమ్మం వైపు జరిపింది.

"ఐదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఈ ఊరికి ఎత్తుకొచ్చేసిన మా అమ్మాయి కోసం."