అవతలి ఒడ్డు కూత

“ఇంకా పొద్దు గూకలే చెల్లె. గిప్పుడే రాదు,” అన్నాడు దేవేందర్.

సలోమి తల ఊపింది గానీ రేడియో మీది నుంచి చూపు తిప్పలేదు. ఎల్లారెడ్డి నుంచి ఇంత దూరం వచ్చి, మొదటిసారి సముద్రం ఒడ్డున కూర్చుని, ఆమె దాన్ని సరిగ్గా చూడనైనా లేదు.

దేవేందర్ కామారెడ్డిలో బ్యాంకు ఉద్యోగి. అందరూ సెల్‌ఫోన్లలో సినిమాలు చూసే ఈ కాలంలో ఆయనకు మీడియం వేవ్ రేడియో పిచ్చి. ఏటా సెలవు పెట్టి, కారులో మద్నూర్ మీదుగా మహారాష్ట్రలోకి దిగి, కొంకణ తీరం దాకా వెళ్తాడు. ఇసుకలో పొడవాటి తీగ పరిచి, చీకటి పడేవేళ సముద్రం దాటి వచ్చే పరదేశపు స్టేషన్లు పట్టి మురిసిపోతాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవి తియ్యడని భార్య రమ దెప్పుతూనే ఉంటుంది. ఈసారి మాత్రం తానే సలోమిని వెంటబెట్టుకుని వచ్చింది.

సలోమి భర్త డేవిడ్ గల్ఫ్‌లో ఒక రేడియో స్టేషన్ టవర్ దగ్గర పని చేస్తాడు. సాయంత్రం మెషిన్ స్విచ్ వేసేది అతనే. స్విచ్ పడగానే, పాటలకు ముందు సన్నటి కూత ఒకటి వస్తుంది. పెళ్లయిన కొత్తలో, మొదటిసారి వెళ్లినప్పుడు, పక్కింటికి ఫోన్ చేసి ఆమెను పిలిపించి గుట్టుగా చెప్పాడు.

“కూత వస్తది, ఆగుతది, మల్ల వస్తది. మల్ల వచ్చిందంటే నేను మంచిగున్న అన్నట్టు.”

అప్పటి నుంచి రోజూ వేసి, ఆపి, మళ్లీ వేసేవాడు. ఎల్లారెడ్డిలో పొయ్యి ముందు కూర్చుని సలోమి వినేది. రెండో కూత విన్నాకే ఆమెకు అన్నం సయించేది. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఊరినిండా ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు వచ్చి, రేడియోలో గరగర తప్ప ఏమీ వినబడకుండా పోయింది. డేవిడ్ మాత్రం అలవాటు మానలేదు. ఆమె వినకపోయినా తన చెయ్యి ఊరుకోదని ఫోన్‌లో చెప్పి నవ్వేవాడు.

రెండు నెలలుగా ఆ ఫోన్ రావడం లేదు. కంపెనీకి చేస్తే అరబ్బీలో ఏదో అని పెట్టేశారు. పోయిన వారం గల్ఫ్ కార్మికుల సంఘం వాళ్లు ఒక ఫొటో పంపారు. లారీ కింద పడి చనిపోయిన మనిషి. జేబులో ఒక్క కాగితం లేదు. మొహం చూసి ఎవరని చెప్పే వీలు లేదు. ఒంటి మీద అక్కడి కూలీలందరూ తొడుక్కునే నీలం బట్టలు. మీ మనిషే అంటే పెట్టెలో పంపిస్తామన్నారు. కాదంటే అక్కడే పాతిపెడతారట. రేపటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

ఏమని చెబుతుంది? ఔనంటే, బతికున్న మొగుణ్ణి చేజేతులా చంపుకున్నట్టే. కాదంటే, ఒకవేళ అతనే అయితే? ఆ ఫొటో చూసి చూసి సలోమి పిచ్చిదానిలా అయింది. చివరికి ఆమెకు కూత గుర్తొచ్చింది. ఏటా సముద్రం ఒడ్డుకెళ్లి పరదేశపు రేడియో వింటాడని తెలిసి దేవేందర్ ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

పొద్దు గూకింది. దేవేందర్ రేడియో ముల్లును వెంట్రుకవాసి జరిపాడు. గరగర. పక్క స్టేషన్‌లో ఎవరిదో పాట లీలగా వచ్చి పోయింది. రమ సలోమి చెయ్యి పట్టుకుంది.

కూత వచ్చింది. సన్నగా వచ్చి, ఆగిపోయింది.

సలోమి పెదవులు ప్రార్థన కోసం కదిలాయి. రేడియోలో మళ్లీ గరగర. దేవేందర్ ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

మళ్లీ కూత వచ్చింది.

సలోమి ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. దేవుడికి స్తోత్రం చెప్పి, రేడియోను చంటిబిడ్డలా ఒళ్లోకి తీసుకుంది. రమ కూడా కళ్లు ఒత్తుకుంది. తన పిచ్చి ఇన్నాళ్లకు ఒకరికి అక్కరకొచ్చిందని దేవేందర్ అన్నాడు.

కాసేపటికి సలోమి లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. సంఘం వాళ్లకు ఫోన్ చేసింది.

“అన్నా, ఆ ఫొటోల ఉన్నది మా ఆయన గాదు. పాపం, ఎవలి కొడుకో. ఎవలూ రాకుంటే మీరే ఒక ప్రార్థన చేసి మట్టి చెయ్యుండ్రి.”

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున, డేవిడ్ దగ్గరే పని నేర్చుకుని, అతను జాడ లేకుండా పోయాక ఆ పనిలోకి వచ్చిన కొత్త ఆపరేటర్, స్విచ్ ఇలా వేసి ఆపి మళ్లీ వేయడం ఎందుకని నేర్చుకునే రోజుల్లో తాను అడిగినప్పుడు డేవిడ్ సిగ్గుపడి ఈ మెషిన్ పద్ధతే అంతని చెప్పిన మాట నమ్మి, ఇవాళ కూడా అలాగే వేసి, టీ తాగడానికి బయటికి వెళ్లాడు.