ఎనభై ఒక్క గడులు

ఆర్కిటెక్ట్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంటి ప్లాను టీపాయ్ మీద పరిచీ పరచకముందే అచ్యుతరామయ్య మళ్ళీ చుట్టబోయాడు. పక్కనే కూర్చున్న బసవపున్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగవయ్యా, చూడనీ. కంప్యూటర్ మీద గీసిన ప్లాను నేనెప్పుడూ చూళ్ళేదు.”

చూశాడు. కళ్ళజోడు సవరించుకుని ఇంకోసారి చూశాడు. గోడలు, గుమ్మాలు, మెట్లు అన్నీ ఉన్నాయి. వాటన్నిటి మీదుగా సన్నటి గీతలు కూడా ఉన్నాయి. అడ్డంగా తొమ్మిది వరసలు, నిలువుగా తొమ్మిది వరసలు.

“ఎనభై ఒక్క గడులు! ఇది వాస్తు పండితులు వేసే లెక్క కదూ?”

“కాఫీ రానీ,” అన్నాడు అచ్యుతరామయ్య.

మాట తప్పించడం ఆయనకు కొత్త. సినిమాలకు మాటలు రాసే మనిషి. ముహూర్తం షాటుకు రమ్మంటే, రానని నిర్మాత మొహం మీదే చెప్పేవాడు. వాస్తు పిచ్చి పట్టి ఊళ్ళో జనం నిక్షేపంలాంటి గోడలు కూలగొట్టుకుంటున్న రోజులవి. ఆ పిచ్చిని ఏకిపారేస్తూ ఆయన రాసిన వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. మర్నాడే ఆవిష్కరణ సభ. అధ్యక్షుడు బసవపున్నయ్య. ఫిల్మ్ నగర్‌లో కట్టుకోబోయే సొంతింటికి వాస్తు చూపించనని ముందుమాటలో రాసుకున్నాడు కూడా. ఇప్పుడీ కాగితం ఎవరి కంటైనా పడితే ఆ పరువంతా గంగలో కలుస్తుంది.

“శారదా!” అని కేకేశాడు.

భార్య శారదాదేవి కాఫీ గ్లాసులతో వచ్చింది.

“ఈ గడులేంటి?”

“ఏ గడులు?”

“ఏమీ ఎరగనట్టు అడక్కు. ఈ ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టేది నువ్వే.”

“దణ్ణం పెట్టుకుంటే గీతలు గీయించినట్టేనా? నాకేం తెలీదు.”

“పోయిన నెల ప్లానులో వంటిల్లు ఆగ్నేయం మూలకి మార్చారని విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది,” అన్నాడు బసవపున్నయ్య.

“వండేది నేనే. ఆ మార్చేదేదో నన్నడిగి మార్చారా అన్నయ్యగారూ?”

ఆవిడకు ఇన్నేళ్ళ కాపురంలో పరాయి మనిషి ముందు దొంగలా నిలబడటం అదే మొదలు. ఒళ్ళు మండింది. గ్లాసులు టీపాయ్ మీద పెట్టి పమిట కొంగు బిగించింది.

“పదండి. ఆ ఆఫీసుకే వెళ్ళి అడుగుదాం. నేనూ వస్తాను.”

“ఇప్పుడెందుకు? సభ అయ్యాక చూద్దాం లే,” అన్నాడు అచ్యుతరామయ్య.

“కాదు, సభకి ముందే తేలాలి,” అని బసవపున్నయ్య లేచాడు. “రేపు ఎవడో లేచి ఈ కాగితం చూపిస్తే, అధ్యక్షుణ్ణి, నేనేం సమాధానం చెప్పను?”

ముగ్గురూ కారెక్కారు.

ఆర్కిటెక్ట్ త్రినాథరావు ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఉంది. కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే ఆఫీసులు అప్పటికి ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఏసీ గదిలోకి చెప్పులతో రానివ్వరు. గుడి మెట్లు ఎక్కని పెద్దమనుషులిద్దరూ ఇక్కడ బుద్ధిగా చెప్పులు విప్పారు.

త్రినాథరావు కాగితం చూసి నవ్వేశాడు.

“ఇవి గీసేటప్పుడు కొలత కోసం స్క్రీన్ మీద పెట్టుకునే చుక్కల గడులండీ. పొరపాటున ప్రింటులోకి వచ్చేసి ఉంటాయి.”

“గా చుక్కలు కాయిదం మీదికి రావు సార్,” అంది కంప్యూటర్ ముందున్న నాగేశ్వరి. ఎర్రగడ్డ నుంచి వచ్చే పిల్ల. ప్లాన్లన్నీ ఆమే గీస్తుంది. “ప్రింటుల రావాలంటే ప్లాను మీద ఇంకో పొర లెక్క వేరే లేయర్ పెట్టి గీతలు గియ్యాలె. నేనే గీసిన.”

త్రినాథరావు నవ్వు ఆగిపోయింది.

“ఎవరు గీయమన్నారమ్మా?” అని అడిగాడు బసవపున్నయ్య.

నాగేశ్వరి తలెత్తి అందర్నీ చూసింది. అచ్యుతరామయ్య కళ్ళెర్రజేసి నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల చూపు కీబోర్డు మీదికి దించుకుంది.

“ఫోన్ల చెప్పిండ్రు సార్. ఈ సార్ వాళ్ళ ఇంటికెల్లే ఫోనొచ్చింది. పేరు చెప్పొద్దన్నరు.”

మగవాళ్ళందరూ శారదాదేవి వైపు తిరిగారు.

“నాకు తెలియకుండా నా ప్లాను మీద గీతలా?” త్రినాథరావు మండిపడ్డాడు. “పేరన్నా చెప్పు, రేపట్నుంచి రావడమన్నా మానెయ్యి.”

“జర మాఫ్ చెయ్యున్రి సార్. మాట ఇచ్చిన.” ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

శారదాదేవి ఆ పిల్ల వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. ఆయన గోడ మీద ఏదో ఇంటి బొమ్మ చూస్తున్నాడు.

“ఆ పిల్లనేం అనకండి,” అంది. “ఫోన్ చేసింది నేనే.”

బసవపున్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు.

“పోనీలే, నీ తప్పేం లేదని తేలింది రామయ్యా! రేపు సభలో ఇదే చెబుదాం. మూఢనమ్మకం మన వంటింట్లోనే కూర్చుని ఉంటుందని.”

“నేను ఎన్నిసార్లు చెప్పినా వినదు,” అన్నాడు అచ్యుతరామయ్య బాధగా.

శారదాదేవి కళ్ళు తుడుచుకుని బయటికి నడిచింది.

“నువ్వెళ్ళి కార్లో కూర్చో. ఈ గీతలు తీయించి వస్తాను,” అన్నాడు అచ్యుతరామయ్య స్నేహితుడితో. అతన్ని సాగనంపడానికి త్రినాథరావు కూడా వెళ్ళాడు. గది తలుపు మూసుకుంది.

అచ్యుతరామయ్య నాగేశ్వరి కుర్చీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

“గడులున్న కాపీ ఇంటికి పంపొద్దు, నేనే వచ్చి పట్టుకెళ్తానని అంతగా చెప్పానే, ఎందుకు పంపావమ్మా?”