బొట్టు పెట్టిన పెట్టె

“ఏమప్పా, ఊడ్సేది ఇడ్సిపెట్టి నర్సు పని నేర్సుకుంటాండావా?”

ఐసీయూ హెడ్ నర్సు హేమావతి మాటకు మిగతా నర్సులు కిసుక్కున నవ్వారు.

ఊడ్చే ముసలాయన చెత్తబుట్టలోంచి రెండు ప్లాస్టిక్ బుడ్డీలు తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

“ఒగటి సూదిమందులో కలిపే నీళ్లది, ఒగటి పొటాషియంది. కవలపిల్లోల్ల మాదిరి ఉండాయి తల్లీ. రెండూ ఒగే ట్రేలో పెట్టినారు. వేరే వేరే పెట్టండమ్మా.”

“నీకెందుకప్పా అవన్నీ?”

“చెత్త ఏరేటోన్ని గదమ్మా. ఏది ఏదో నాకే తెలీడంల్యా.”

“నీకు తెలీకపోతే మాకూ తెలీదా? పో, ఆ నాలుగో మంచం కింద తుడువు.”

ఆ మాటని హేమావతి మంచం వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది.

పోయిన ఎండాకాలం ఆ మంచం మీద పద్దెనిమిదేళ్ల పిల్ల చనిపోయింది. గుండె ఆగిందని కేసు షీటులో ఉంది. నీళ్లనుకుని, నేరుగా ఎక్కితే గుండెను ఆపేసే పొటాషియం ఎక్కించిన చెయ్యి ఎవరిదో అందులో లేదు.

ఆ చెయ్యి హేమావతిది.

తుడవడం అయ్యాక ముసలాయన ఒక చీటీ రాసి గోడకున్న పెట్టెలో వేశాడు.

అది పొరపాట్ల పెట్టె. జరిగిన తప్పును ఎవరైనా రాసి వేయొచ్చు. దసరాకు మానిటర్లతో పాటు దానికీ బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టారు. తాళం మాత్రం ఎన్నడూ తీయలేదు. పూజ చేసి తెరవకపోతే అదేం భక్తో! పక్కన బోర్డు మీద నెలనెలా ఒకటే మాట: పొరపాట్లు సున్నా.

“ముసిలాయన పెట్టెకు లవ్ లెటర్లు రాస్తాండాడక్కా!” అంది కొత్త నర్సు అశ్విని.

హేమావతికి నవ్వు రాలేదు. వచ్చే వారమే పైనుంచి తనిఖీవాళ్లు వస్తున్నారు. వాళ్లు పెట్టె తెరిస్తే?

సాయంత్రం ముసలాయనను పిలిచింది.

“రేపట్నుంచి రావద్దు.”

“రానులే తల్లీ. ఆ ట్రే మాత్రం...”

“పోతావా, వాచ్‌మన్‌ను పిలవల్లా?”

చీపురు గోడకు ఆనించి, నాలుగో మంచం కడ్డీని ఒకసారి తాకి, వెళ్లిపోయాడు.

ఐదో రోజు ఐసీయూలో ఉన్న కదిరమ్మ చనిపోయింది. ముదిగుబ్బ మనిషి. బాగై ఆ పొద్దే వార్డుకు మారాల్సింది. అశ్విని సూది వేసిన నిమిషానికే అంతా అయిపోయింది.

“నీళ్లే అనుకున్నాక్కా... ఒట్టు. రాసి పెట్టెలో వేస్తా.”

“నోర్ముయ్. గుండె ఆగిందని రాయి.”

బయట కదిరమ్మ కొడుకు ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉన్నాడు.

హేమావతి తలుపేసి, సొరుగులోంచి తాళంచెవి తీసింది. తనిఖీకి ముందే చీటీలన్నీ చింపేయాలి.

గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట: ట్రేలు వేరు చేయండి. చింపుతూ పోయింది.

అన్నిటికన్నా అడుగున, మొట్టమొదట వేసిన చీటీ దొరికింది. అది పొడుగ్గా ఉంది.

“ఆ పొద్దు తలుపు అద్దంలోంచి సూది వేసేది చూసినా. ఆ బుడ్డీ ఏందో ఈడ పనికి చేరినాకే తెలిసింది. సూది వేసిన సిస్టరమ్మ ఆ బుడ్డీని తిప్పితిప్పి చూసుకునింది. ఆయమ్మను ఎవరూ ఏమీ అనొద్దు, పేరు కూడా అడగొద్దు. ట్రేలు వేరు చేస్తే సాలు, ఇంగో బిడ్డ పోకుండా.”

కింద వంకర అక్షరాలతో సంతకం ఉంది: రసూల్ సాబ్, పామిడి, నాలుగో మంచం షాహిస్తా నాయన.