ఊపిరి పుల్లలు

“ఆ విగ్రహం మళ్ళీ చౌరస్తాలోకి వచ్చిందంటే దాని ముక్కు నేనే పగలగొడతా. చెప్పు మీ కౌన్సిల్‌వాళ్ళకి!” అంది నీవెస్ మామ్మ.

ఫియొరెంజా నవ్వి ఊరుకుంది. ఇటలీలోని కరారా ఊళ్ళో పాలరాతి మ్యూజియం ఆవిడ చేతికిందే ఉంది. ముస్సోలినీ కాలంలో ప్రభుత్వానికి వీరుల బొమ్మలు చెక్కి చెడ్డపేరు మూటగట్టుకున్న శిల్పి మాస్ట్రో బ్రున్యోలికి, పోయిన పరువు తిరిగి తేవాలని ఆవిడ పంతం. ఆయన చెక్కిన ‘నిద్రపోయే కాపరి’ అచ్చం ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటాడని చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకుంటారు. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఊరంతా సరేనంది, మామ్మ తప్ప. కాపరిది ఆమె అన్న ఎలియో మొహం. ముస్సోలినీ మనుషులైన నల్లచొక్కాలవాళ్ళ మీద తిరగబడి కొండెక్కిన ఎలియో, ఒకరోజు రొట్టె కోసం ఊళ్ళోకి దిగి మాయమైపోయాడు.

“చంపించింది మీ మాస్ట్రోయే. చచ్చినవాడి కళ్ళు చారెడని, ఇప్పుడు ఆయన మహానుభావుడైపోయాడు!”

“హంతకుడు మాత్రం కాదు మామ్మా. రా, చూపిస్తా.”

నేలమాళిగలో ఫియొరెంజా ఒక గుడ్డ తొలగించింది. ఎలియో మొహం మీద పోసి తీసిన ప్లాస్టర్ అచ్చు. లోపల గుంటగా ఉన్న ఆ మొహం, మామ్మ పక్కకి జరగ్గానే ఉబ్బెత్తుగా లేచి ఆమెవైపే తిరిగింది. మామ్మ గబుక్కున సిలువ గుర్తు వేసుకుంది.

“వీడు నావైపే తిరుగుతున్నాడే!”

“కంటి మాయ. బోలు అచ్చులన్నీ అంతే. సరే గానీ, బతికున్నవాడి మొహానికి అచ్చు తీస్తే ముక్కులో ఏం పెడతారు?”

“ఊపిరాడ్డానికి గడ్డిపుల్లలు. కరారాలో పుట్టినదాన్ని, నాకే పాఠాలా?”

“మరి పుల్లలు పెడితే ఇక్కడ అచ్చు వెనకదాకా రెండు రంధ్రాలుండాలిగా? లేవు. అంటే అప్పటికే మీ అన్న ప్రాణం పోయింది. ఎవరో కాల్చి పడేస్తే, మొహమైనా మిగలాలని మాస్ట్రో తెచ్చి అచ్చు తీశాడు. ఆ సంగతి బయటపడితే ఆయన్నీ కాల్చేవాళ్ళు.”

మామ్మ ముడతల మీదుగా కన్నీళ్ళు జారాయి.

“ఇన్నేళ్ళూ ఒక మంచివాణ్ణి తిట్టుకున్నానా? పెట్టుకోండి తల్లీ. మొదటి పూలు నేనే తెస్తా.”

ఫియొరెంజా ఆమెని గట్టిగా హత్తుకుంది. గెలిచినందుకు ఆవిడకీ కళ్ళు చెమర్చాయి.

వెళ్ళేముందు మామ్మ ఒక్కసారి అన్న మొహం నిమరబోయింది. అచ్చులో ముక్కు గుంట నిండా ఏళ్ళనాటి దుమ్ము. కొంగు లాంటి తన శాలువా అంచుతో మెల్లగా తుడిచింది. దుమ్ము కిందనించి రెండు సన్నటి ప్లాస్టర్ ముళ్ళు బయటపడ్డాయి. చిటికెనవేలంత పొడుగున్నాయి.

“ఇవేంటే?”

“ప్లాస్టరే... ముక్కులోకి వెళ్ళి గట్టిపడి...” ఫియొరెంజా మాట మధ్యలో ఆగిపోయింది.

మామ్మ ఆ ముళ్ళని వేలితో తడుముతూ తలెత్తింది.

“చచ్చినవాడు ఇంత లోపలికి ఎలా పీల్చాడే, పిల్లా?”