గీత మీద గిన్నె

“ఈ ఏడాది కూడా మన పిల్లకి జంట ఇల్లు దొరక్కపోతే ఏంటండీ గతి?” అన్నాను మా ఆయనతో, పార్కు గేటు తెరవకముందే.

మూడో మహమ్మారి తర్వాత మా ఊళ్లో పార్కులనిండా సున్నపు వలయాలే. ఇంటికొకటి, సాయంత్రం ముప్పావు గంట. గీత దాటకూడదు. ఏడాదికి ఒక్క ఇంటితో మాత్రం జంట కట్టొచ్చు. అప్పుడు ఆ రెండిళ్ల పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు. పేర్లివ్వడానికి ఈరోజే ఆఖరు. ఏడేళ్ల మా హరిణి ఇంతవరకూ తోటి పిల్ల చెయ్యి పట్టుకుని ఎరగదు.

పక్క వలయం భాగ్యవతిది. కానుగచెట్టు నీడంతా ఆవిడకే. అవతలి వలయంలో ఉన్న నూకరత్నంతో ఒకటే నవ్వులు. ఆ నవ్వులు నాతో నవ్వాల్సినవి. పోయినేడు భాగ్యవతి పరమాన్నం పంపితే, ఏ రోగం అంటుకుంటుందోనని పారబోసి, గిన్నెను మందునీళ్లలో ముంచి ఖాళీగా తిప్పి పంపాను. ఖాళీ గిన్నె పంపుతారా ఎవరైనా?

ఇవాళ పులిహోర తెచ్చాను. గిన్నెను గీత మీద పెట్టి వెనక్కి జరిగాను.

“వదినా, అప్పుడు భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది. అయినా తెచ్చాను.”

“మందునీళ్ల వాసనొస్తుందేమో చూసుకో భాగ్యం!” అంది నూకరత్నం.

భాగ్యవతి గిన్నె వంకే చూస్తూ కూర్చుంది. ఇళ్లకు వెళ్లమని గంట మోగింది. హరిణి నా కొంగు గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆవిడ వంగి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

“ఉప్పు తక్కువైంది వదినా. రేపు గిన్నె కోసం నీ కూతుర్ని పంపు.”